ఫ్లోరోసెంట్ ప్రోబ్ బ్రైట్‌నెస్: క్యూవెట్‌లో ఒక లెక్క, కణాల్లో ఇంకో లెక్క. పేపర్‌లో ఏది రాయాలి?

ప్రోబ్ స్కాలర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా గ్రూపులో రోడమీన్ అణువు ఆధారంగా ఒక ఆకుపచ్చ ప్రోబ్ (కణాల్లో వెలిగి గుర్తుగా పనికొచ్చే రంగు అణువు) తయారు చేశాం. పేపర్ దాదాపు సిద్ధం. బ్రైట్‌నెస్ పట్టిక ఒక్కటే మిగిలింది, ఇప్పుడు టెన్షనంతా దానితోనే. ఒక్కో కొలత ఒక్కో మాట చెబుతోంది.

ముందు క్యూవెట్ (ద్రావణం పోసి కొలిచే చిన్న పారదర్శక పాత్ర) సంగతి. ప్రోబ్ శోషణ శిఖరం 505 నానోమీటర్లు, ఎమిషన్ (తిరిగి వదిలే వెలుగు) శిఖరం 528. క్వాంటమ్ ఈల్డ్ (మింగిన ఫోటాన్‌లలో ఎంత వాటా తిరిగి వెలుగుగా వస్తుందో ఆ సంఖ్య) కోసం ఫ్లోరెసీన్, రోడమీన్ 6జీ అనే రెండు తెలిసిన రంగులను స్టాండర్డ్‌గా వాడాను. ప్రోబ్, ఫ్లోరెసీన్ రెండూ 7.4 పీహెచ్ ఉన్న ఫాస్ఫేట్ బఫర్ పీబీఎస్‌లో ఉన్నాయి, రోడమీన్ 6జీ ఎథనాల్‌లో ఉంది. మూడింటికీ 488 దగ్గర శోషణ 0.1 వచ్చేలా చూసుకుని, 488తోనే ఎక్సైట్ చేసి, ఎమిషన్ కింది వైశాల్యాలు పోల్చాను. ఫ్లోరెసీన్‌తో పోలిస్తే 0.58, రోడమీన్ 6జీతో పోలిస్తే 0.71. రెండూ పేరున్న స్టాండర్డ్‌లే కదా, మరి ఇంత తేడా ఎందుకు?

ఎక్స్‌టింక్షన్ కోఎఫిషెంట్ (అణువు వెలుగును ఎంత గట్టిగా మింగుతుందో చెప్పే అంకె) నాకు 78,000 వచ్చింది. మా ల్యాబ్‌లోనే ఇంకొకరు వేరే బ్యాచ్‌తో చేస్తే 69,000 వచ్చింది. రెండు బ్యాచ్‌లూ హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి చూపే పద్ధతి) ఒకే శిఖరం, 98 శాతం పైనే శుద్ధి.

అసలు అయోమయం కణాల దగ్గర. ప్రోబ్‌నూ ఫ్లోరెసీన్‌నూ విడివిడిగా డెక్స్‌ట్రాన్ అనే చక్కెర గొలుసుకు తగిలించి మాక్రోఫేజ్ కణాలకు (బయటి పదార్థాలను మింగే రోగనిరోధక కణాలు) రాత్రంతా ఇచ్చి, పొద్దున ఒక్కో కణం వెలుగును కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో చూశాం. క్యూవెట్ లెక్క ప్రకారం మా ప్రోబ్ ఫ్లోరెసీన్ కన్నా మందంగా ఉండాలి. కణాల్లో చూస్తే దాదాపు రెండింతలు వెలుగుతోంది! ఇదే ప్రయోగం వేరే ఊళ్లో ఉన్న మా సహకార ల్యాబ్ చేస్తే కణాల వెలుగులో వాళ్ల మెడియన్ (మధ్య విలువ) 40,000, మాది 900. వాళ్ల పక్కన మా అంకె పెట్టాలంటేనే ఇబ్బందిగా ఉంది.

గైడ్ గారు "కణాల్లో వచ్చిందే అసలైన బ్రైట్‌నెస్, అదే రాయి" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

పాత ఫ్లోరీమీటర్ (జవాబు)

మీ మనసొప్పకపోవడమే సరైంది. అలాగని మీ గైడ్ గారి మాటా కొట్టిపారేసేది కాదు. మీరు కొలిచింది రెండు వేరువేరు విషయాలను. అణువు బ్రైట్‌నెస్ అంటే ఎక్స్‌టింక్షన్ కోఎఫిషెంట్‌ను క్వాంటమ్ ఈల్డ్‌తో గుణిస్తే వచ్చేది. ఏ ద్రావకంలో, ఏ పీహెచ్ దగ్గర, ఏ ఉష్ణోగ్రత దగ్గర అన్నది పక్కన లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు. కణం వెలుగులో ఆ అణువుతో పాటు దాని చుట్టూ ఉన్న వాతావరణం, లోపలికి వెళ్లిన అణువుల సంఖ్య, మీ లేజరు, ఫిల్టరు, డిటెక్టరు అన్నీ కలిసి ఉంటాయి.

ముందు ఆ 0.58, 0.71 తేల్చేద్దాం, ఇది నాకు బాగా ఇష్టమైన చిక్కు. ఫ్లోరెసీన్ జవాబు నిజానికి దగ్గరగా ఉందని, రోడమీన్ 6జీ జవాబు పైకి జరిగిందని నా అనుమానం. మూడు కారణాలు కనిపిస్తున్నాయి, మూడూ ఒకే దిక్కుకు లాగుతాయి.

మొదటిది వక్రీభవన గుణకం. నీటికి 1.333, ఎథనాల్‌కు 1.361. ద్రావకం మారితే క్యూవెట్ నుంచి డిటెక్టర్ వైపు వెలుగు విచ్చుకునే కోణం మారుతుంది, అందుకే ఫార్ములాలో ఈ నిష్పత్తి వర్గం ఉంటుంది. మీ ప్రోబ్ నీటిలో, స్టాండర్డ్ ఎథనాల్‌లో ఉన్నాయి కాబట్టి 0.959తో గుణించాలి. మీరు దాని మాట ఎత్తలేదు కాబట్టి వదిలేశారనుకుంటున్నాను. అది పెడితే 0.71 కాస్తా 0.68 అవుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. మూడింటికీ 488 దగ్గర ఒకే శోషణ పెట్టారు, మంచి పని. ఎక్సైటేషన్ వెలుగు క్యూవెట్ మధ్యకు చేరేసరికి తగ్గడం మూడింటికీ సమానం, కొట్టుకుపోతుంది. ఎమిషన్ వైపు అలా కొట్టుకుపోదు. రోడమీన్ 6జీ శోషణ శిఖరం 530 దగ్గర ఉంది. 488 దగ్గర అది మింగేది శిఖరంలో చిన్న వాటా మాత్రమే. అంటే 488 దగ్గర 0.1 తెచ్చేలా కలిపారంటే 530 దగ్గర అంతకు కొన్ని రెట్లు ఉంటుంది. రోడమీన్ 6జీ ఎమిషన్ మొదలయ్యే చోట ఈ శోషణ తోక ఇంకా ఉంటుంది. తాను వదిలిన వెలుగులో నీలం వైపు అంచును తానే తిరిగి మింగేస్తుంది. స్టాండర్డ్ మందంగా కనిపిస్తే దానితో పోల్చిన మీ ప్రోబ్ ఉన్నదానికన్నా ప్రకాశంగా కనిపిస్తుంది. దీన్ని కళ్లతో చూడొచ్చు. అదే ద్రావణాన్ని పదింతలు పలచన చేసి స్పెక్ట్రమ్ తీసి, రెండిటినీ ఒకే ఎత్తుకు సరిచేసి ఒకదానిపై ఒకటి వేయండి. పలచన దాని ఎడమ అంచు కొంచెం ఎడమకు జరిగి ఉంటే అది తిరిగి మింగడమే.

మూడోది డిటెక్టర్ సున్నితత్వం. ఫోటోమల్టిప్లయర్ ఎరుపు వైపు వెళ్లేకొద్దీ మందగిస్తుంది, గ్రేటింగ్ సామర్థ్యం కూడా తరంగదైర్ఘ్యంతో మారుతుంది. ఫ్లోరెసీన్ ఎమిషన్ శిఖరం 515 దగ్గర, మీ ప్రోబ్‌ది 528, రోడమీన్ 6జీది 550 దాటాక. స్పెక్ట్రల్ కరెక్షన్ పెట్టకపోతే ఎర్రగా ఉన్నవాళ్లకు అన్యాయం. సాఫ్ట్‌వేర్‌లో కరెక్షన్ అనే బటన్ నొక్కి వదిలేయకండి. ఆ ఫైలు యంత్రం కొన్నప్పటిది, డిటెక్టర్ వయసు పెరుగుతూనే ఉంటుంది. అమెరికా నిస్ట్ సంస్థ ధ్రువీకరించిన క్వినైన్ సల్ఫేట్, ఎస్‌ఆర్‌ఎమ్ 936, ఎమిషన్ ఆకారం తెలిసిన పదార్థం. జర్మనీ బామ్ సంస్థది ఐదు రంగుల కిట్ ఉంది. దేనితోనైనా ఒకసారి సరిచూడండి. క్వినైన్ వాడితే క్లోరైడ్ దరిచేరనివ్వకండి, క్లోరైడ్ దాని వెలుగును చంపేస్తుంది. అందుకే సల్ఫ్యూరిక్ ఆమ్లంలోనో పెర్‌క్లోరిక్ ఆమ్లంలోనో కలుపుతారు.

ఇక ఫ్లోరెసీన్. 0.925 అన్న విలువ 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లోది, పీబీఎస్‌లోది కాదు. ఫ్లోరెసీన్ చివరి పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదిలేసే పీహెచ్) దాదాపు 6.4. పీహెచ్ 7.4 దగ్గర నూటికి 91 అణువులే పూర్తి ప్రకాశంగల డైఆనయాన్ (రెండు రుణావేశాల) రూపంలో ఉంటాయి, మిగతావి మందమైన, ఒకే రుణావేశం గల మోనోఆనయాన్‌లు. క్యూవెట్‌లో మీకు వచ్చే తేడా కొద్ది శాతమే కావచ్చు, ఎందుకంటే 488 దగ్గర వెలుగు ఎక్కువగా డైఆనయానే మింగుతుంది. కానీ స్టాండర్డ్ అన్నప్పుడు ఆ కొద్ది శాతం కూడా ఎందుకు ఉండనివ్వాలి? సోడియం హైడ్రాక్సైడ్‌లో ఏ రోజుకారోజు కొత్తగా కలపండి, గొట్టానికి రేకు చుట్టి చీకట్లో పెట్టండి. క్షారంలో, వెలుతురులో అది నిలవదు.

ఒక్క బిందువుతో కొలవడం ఆపేసి పలచనల వరుస తీయండి. శోషణ 0.01 నుంచి 0.05 వరకు కొన్ని మెట్లు చాలు. శోషణ అడ్డంగా, వైశాల్యం నిలువుగా వేసి గీత వాలు తీసుకోండి, వాలుల నిష్పత్తే మీ జవాబు. గీత పైకి పోయేకొద్దీ వంగితే గాఢత ఎక్కువైంది లేదా అణువులు గుమిగూడుతున్నాయి. సున్నా దగ్గరకు రాకపోతే బ్లాంక్ (రంగు లేని ద్రావకం) సిగ్నల్ సరిగా తీసేయలేదు లేదా రంగు గొట్టం గోడకు అంటుకుంటోంది. శోషణ 0.1 అంటే చిన్నదని చాలామంది అనుకుంటారు. ఒక సెంటీమీటర్ క్యూవెట్‌లో 0.1 దగ్గర మధ్యకు చేరే వెలుగు అప్పటికే 11 శాతం తగ్గిపోయి ఉంటుంది. 0.02 దగ్గర అది 2 శాతం చిల్లరే.

నేను విద్యార్థులకు మొదట నేర్పేది ఫార్ములా కాదు, పొద్దున చేసే పని. ల్యాంప్ వేసి అరగంట ఆగాలి. శుద్ధమైన నీళ్లు పోసిన క్యూవెట్ పెట్టి 350తో ఎక్సైట్ చేస్తే 397 దగ్గర నీటి రామన్ శిఖరం (నీళ్లే చెదరగొట్టే వెలుగు) వస్తుంది. దాని ఎత్తును యంత్రం పక్కనే ఉన్న పుస్తకంలో తేదీతో రాయాలి. ఆ శిఖరం కుంగితే ఆ రోజు ఏ స్టాండర్డూ కొలవకూడదు, ముందు ల్యాంప్, స్లిట్‌లు, క్యూవెట్ చూడాలి. స్టాండర్డ్‌కూ శాంపిల్‌కూ క్యూవెట్ ఒకటే ఉండాలి, గుర్తు ఉన్న ముఖం ఒకే వైపు ఉండాలి. మధ్యలో స్లిట్ ముట్టుకోకూడదు. ఫోటాన్ లెక్కించే డిటెక్టర్ అయితే సెకనుకు పది లక్షల కౌంట్లు దాటకుండా చూసుకోండి, ఆ పైన అది నిజం చెప్పడం మానేస్తుంది.

ఎక్స్‌టింక్షన్ గురించి. బ్రైట్‌నెస్ లెక్కలో అందరూ క్వాంటమ్ ఈల్డ్ మీద పడతారు, తప్పు ఎక్కువగా దొర్లేది ఎక్స్‌టింక్షన్‌లో. హెచ్‌పీఎల్‌సీ 98 శాతం అందంటే రంగుగల మలినాలు లేవని అర్థం. నీరు, ఉప్పు, టీఎఫ్ఏ (ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం) అందులో కనబడవు. హెచ్‌పీఎల్‌సీ ద్రావకంలో టీఎఫ్ఏ వాడి ఉంటారు కదా? మీ అణువు బరువు 500 అనుకుంటే ఒక టీఎఫ్ఏ అంటుకుంటే 114 కలుస్తుంది, అంటే తూచిన బరువులో దాదాపు 19 శాతం రంగు కాదు. ఒక బ్యాచ్‌లో అది ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ ఉంటే 78,000, 69,000 వచ్చినా ఆశ్చర్యం లేదు. రెండు బ్యాచ్‌లకూ అంతర్గత స్టాండర్డ్ వేసి క్వాంటిటేటివ్ ఎన్‌ఎమ్‌ఆర్ (అయస్కాంత క్షేత్రంలో ఏ అణువు ఎంత ఉందో లెక్కించే పద్ధతి) చేయించండి. ఒక మిల్లీగ్రాము తూచి, మిల్లీగ్రాములో పదో వంతు వరకే చూపే త్రాసును నమ్మడం మాత్రం వద్దు, అక్కడే పది శాతం పోతుంది.

కణాల సంగతి ఫ్లో చేసేవాళ్లు నాకన్నా బాగా చెబుతారు. ఒక్క ప్రశ్న మాత్రం అడుగుతాను: డెక్స్‌ట్రాన్ రాత్రంతా ఇచ్చాక అది కణంలో ఎక్కడ ఉంది?

ఫ్లో డెస్క్ (జవాబు)

పైన సార్ అడిగిన ప్రశ్నలోనే జవాబు ఉంది. రాత్రంతా తిన్న డెక్స్‌ట్రాన్ లైసోజోముల్లోకి (కణం తిన్నదాన్ని అరిగించే ఆమ్ల సంచులు) చేరుతుంది. అక్కడ పీహెచ్ 5కు అటూ ఇటూ. 6.4 పీకేఏతో లెక్కేస్తే పీహెచ్ 5 దగ్గర ఫ్లోరెసీన్‌లో నూటికి నాలుగు అణువులే డైఆనయాన్‌గా ఉంటాయి. ఫ్లోరెసీన్ డెక్స్‌ట్రాన్ మీద ఈ ప్రభావాన్నే పట్టుకుని 1978లో ఓకుమా, పూల్ బతికున్న కణాల్లో లైసోజోమ్ పీహెచ్ కొలిచారు. రోడమీన్ తరహా అణువులు చాలామటుకు ఆ పీహెచ్‌ను పట్టించుకోవు. కాబట్టి మీ ప్రోబ్ పెరగలేదు, పక్కనున్న ఫ్లోరెసీన్ కుంగిపోయింది.

దీన్ని సాయంత్రంలోగా తేల్చుకోవచ్చు. కణాలకు 10 నుంచి 20 మిల్లీమోలార్ అమ్మోనియం క్లోరైడ్ ఇచ్చి కొన్ని నిమిషాల తర్వాత మళ్లీ యంత్రంలో పెట్టండి. లైసోజోమ్ పీహెచ్ పైకి లేస్తుంది, ఫ్లోరెసీన్ వెలుగు కూడా లేవాలి, మీ ప్రోబ్ పెద్దగా కదలకూడదు. ఇంకా గట్టి రుజువు కావాలంటే ఎక్కువ పొటాషియం ఉన్న 7.4 బఫర్‌లో నైజెరిసిన్ (పొరల గుండా అయాన్‌లను దాటించే పదార్థం) వేయండి, లోపలి పీహెచ్ బయటి పీహెచ్‌కు దగ్గరగా వస్తుంది.

ఇంకొకటి, ఒక్కో డెక్స్‌ట్రాన్‌కు ఎన్ని రంగు అణువులు అంటాయో రెండిటికీ వేరుగా కొలిచారా? కొలవకపోతే పోలికకు ఆధారమే లేదు. ఎక్కువ అంటితే ఎక్కువ వెలుగు అని కూడా అనుకోకండి. అణువులు దగ్గరదగ్గరగా చేరితే ఒకదాని వెలుగు ఇంకొకటి చంపుకుంటుంది. యాంటీబాడీల మీద ఫ్లోరెసీన్‌తో ఇది రోజూ చూస్తాం. ఒక్కో యాంటీబాడీకి ఆరేడు అణువులు దాటాక వెలుగు పెరగడం ఆగి, తగ్గడం మొదలవుతుంది.

ఇప్పుడు మీ 900, వాళ్ల 40,000. దీనికి ఇబ్బంది పడాల్సిన అవసరమే లేదు. ఆ అంకెలకు యూనిట్ లేదు. డిటెక్టర్ ఓల్టేజ్ పెంచితే మీ 900 కూడా 40,000 అవుతుంది, కణంలో ఒక్క అణువు కూడా పెరగదు. ఇక్కడ బీడ్స్ (రంగు అంటించిన సూక్ష్మ గోళాలు) తూకం రాళ్ల పని చేస్తాయి. ఒక్కో బీడ్ మీద ఎన్ని ఫ్లోరెసీన్ అణువులకు సమానమైన వెలుగు ఉందో ముందే తేల్చి, నాలుగైదు మెట్లుగా అమ్ముతారు. ఆ యూనిట్‌ను ఎమ్‌ఈఎస్‌ఎఫ్ అంటాం: ద్రావణంలో స్వేచ్ఛగా ఉన్న ఎన్ని అణువులు కలిస్తే అంత వెలుగు ఇస్తాయో ఆ సంఖ్య. ఆ గొలుసు చివరికి ధ్రువీకరించిన ఫ్లోరెసీన్ ద్రావణం దాకా వెళ్లాలి. నిస్ట్ ఈ పని కోసమే ఎస్‌ఆర్‌ఎమ్ 1932 అనే ఫ్లోరెసీన్ ద్రావణం తయారు చేసింది.

రెండు ల్యాబ్‌లూ ఒకే లాట్ బీడ్స్ తెప్పించుకోండి. కణాలు నడిపిన అదే రోజు, అదే ఓల్టేజ్‌లో, అదే బఫర్‌లో బీడ్స్ కూడా నడపండి. బఫర్ మాట ఎందుకంటున్నానంటే ఫ్లోరెసీన్ బీడ్ కూడా ఫ్లోరెసీనే, పీహెచ్ మారితే అదీ మారుతుంది. బీడ్స్ మెడియన్ ఒక పక్క, అమ్మకందారు ఇచ్చిన సంఖ్య ఇంకో పక్క, రెండు పక్కలా లాగ్ స్కేలులో గీత గీయండి. వాలు 1కి దగ్గరగా ఉండాలి. లేకపోతే డిటెక్టర్ ఆ పరిధిలో సరళంగా లేదు, మార్చిన అంకెలు కూడా పనికిరావు. రంగు తగిలించని కణాలను కూడా ఇదే గీత మీదుగా మార్చి తీసేయండి, మాక్రోఫేజ్‌ల సొంత వెలుగు తక్కువేం కాదు.

ఒక హెచ్చరిక. మీ ప్రోబ్ స్పెక్ట్రమ్, ఫ్లోరెసీన్ స్పెక్ట్రమ్ ఒకటి కాదు. కాబట్టి ఫ్లోరెసీన్ బీడ్స్‌తో వచ్చే సంఖ్యను "ఇన్ని ప్రోబ్ అణువులు" అని చదవకూడదు. 488 లేజర్, 530/30 ఫిల్టర్ ఉన్న యంత్రంలో ఇన్ని ఫ్లోరెసీన్‌లకు సమానం, అంతవరకే. ఫిల్టర్ మారితే ఆ సంఖ్య మారుతుంది.

ప్లేట్ రీడర్ (జవాబు)

చిన్న మాట. ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ (లోపలి పూతతో వెలుగునంతా పోగుచేసే గోళం) దొరికితే ఈ స్టాండర్డ్‌ల గొడవే ఉండదు కదా? నేరుగా ఎన్ని ఫోటాన్‌లు మింగింది, ఎన్ని వదిలింది అన్నది వస్తుంది. మా దగ్గర అదే వాడుతున్నాం.

ప్లేట్‌లో కొలిచేవాళ్లకు మాత్రం ఫ్లోరెసీన్ పలచనల వరుసే దిక్కు. ఐజెమ్ అనే విద్యార్థుల సింథటిక్ బయాలజీ పోటీలో ప్రపంచం నలుమూలల జట్లు ఒకే బ్యాక్టీరియాలను కొలిచే ఇంటర్‌ల్యాబ్ అధ్యయనాల్లో చేసింది అదే. ఒక్కో జట్టు తన యంత్రంలో ఫ్లోరెసీన్ గీత గీసి, యంత్రానికో తీరుగా వచ్చే యూనిట్లను ఫ్లోరెసీన్ సమానాలుగా మార్చింది. పద్ధతి సులభం. గెయిన్ (డిటెక్టర్ సిగ్నల్‌ను పెంచే స్థాయి) మారితే గీత మళ్లీ తీయాలి, అంతే. రోడమీన్‌లతో చేస్తే జాగ్రత్త, అడుగు మెట్లలో రంగు సగం ప్లాస్టిక్‌కే అంటుకుపోతుంది.

పాత ఫ్లోరీమీటర్

స్ఫియర్ మంచి సాధనం, ఉంటే తప్పక వాడమనే అంటాను. కానీ అందులో వెలుగు గోడలకు తగిలి మళ్లీ మళ్లీ శాంపిల్ గుండా వెళుతుంది. శోషణ, ఎమిషన్ కలిసిపోయే రంగులకు తిరిగి మింగడం మామూలు క్యూవెట్‌లో కన్నా అక్కడే ఎక్కువ. దానికి దిద్దుబాటు పెట్టాలి, గోడల పూత మురికి పట్టిందా చూసుకోవాలి, దానికీ స్పెక్ట్రల్ కరెక్షన్ కావాలి. స్ఫియర్‌లో కొత్త రంగు కొలిచే ముందు తెలిసిన రంగు ఒకటి పెట్టి సరిచూసుకోవాల్సిందే. కాబట్టి స్టాండర్డ్ బాధ్యత ఎక్కడికీ పోదు. స్కాలర్ గారి దగ్గర ఉన్న యంత్రంతో పలచనల వరుస శ్రద్ధగా తీస్తే రెండు స్టాండర్డ్‌లు ఐదు శాతంలోపు కలుస్తాయి. కలిసేదాకా పట్టికలో అంకె పెట్టకపోవడమే నాకు సమ్మతం.

స్కాలర్ గారూ, ఉష్ణోగ్రత కూడా రాయండి. రోడమీన్ బి లాంటివి డిగ్రీకి దాదాపు 2 శాతం తగ్గుతాయి. మీ ప్రోబ్ నైట్రోజన్ మీద డైఇథైల్ గుంపులుంటే అదే దారి పట్టొచ్చు. క్యూవెట్ 25 డిగ్రీల్లో, కణాలు 37లో ఉంటే ఆ తేడా ఒక్కటే పోలికను పాడు చేస్తుంది.

ప్రోబ్ స్కాలర్

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. చేసినవన్నీ చెబుతాను.

పలచనల వరుస తీశాను. ఫ్లోరెసీన్ ఈసారి సోడియం హైడ్రాక్సైడ్‌లో, రోడమీన్ 6జీ ఎథనాల్‌లో, వక్రీభవన దిద్దుబాటుతో. స్పెక్ట్రల్ కరెక్షన్‌ను క్వినైన్ సల్ఫేట్‌తో సరిచూసి వాడాను. ఫ్లోరెసీన్‌తో 0.56, రోడమీన్ 6జీతో 0.58. పాత సార్ చెప్పినట్టు రోడమీన్ 6జీ రెండు స్పెక్ట్రమ్‌లు ఒకదానిపై ఒకటి వేసి చూశాను, ఎడమ అంచు జరగడం స్పష్టంగా కనబడింది. ఆ బొమ్మ చూశాక గైడ్ గారు కూడా కుర్చీ లాక్కుని కూర్చుని మిగతాదంతా చూశారు.

ఎన్‌ఎమ్‌ఆర్‌లో రెండు బ్యాచ్‌లలోనూ టీఎఫ్ఏ బయటపడింది, 69,000 వచ్చిన బ్యాచ్‌లో చాలా ఎక్కువ. అసలు రంగు ఎంతుందో దానితో సరిచేస్తే 83,000, 82,000 వచ్చాయి.

కణాల్లో అమ్మోనియం క్లోరైడ్ ఇవ్వగానే ఫ్లోరెసీన్ గుంపు మొత్తం కుడివైపు జరిగింది, మా ప్రోబ్ గుంపు ఉన్నచోటే ఉంది. నైజెరిసిన్‌తో 7.4కు తెచ్చి, డెక్స్‌ట్రాన్‌కు అంటిన అణువుల సంఖ్యతో భాగించి చూస్తే ఇప్పుడు మా ప్రోబ్ ఫ్లోరెసీన్‌లో 0.45 వంతు. క్యూవెట్ నిష్పత్తి మాత్రం 0.66. ఈ మిగిలిన తేడా ఎందుకు? ఇంకా, ఇవన్నీ పేపర్‌లో ఎలా పెట్టాలి? బీడ్స్ వచ్చే వారం వస్తాయి, సహకార ల్యాబ్ వాళ్లు కూడా అదే లాట్ తీసుకుంటామన్నారు.

పాత ఫ్లోరీమీటర్

చాలా సంతోషం. 0.56, 0.58 పక్కపక్కన చూస్తే మనసు కుదుటపడింది.

మిగిలిన తేడా లేజర్‌ది. బ్రైట్‌నెస్ లెక్కలో ఎక్స్‌టింక్షన్ శిఖరం దగ్గరిది, అంటే మీకు 505. ఫ్లో యంత్రం వేసేది 488. మీ శోషణ స్పెక్ట్రమ్‌లో 488 దగ్గర ఎత్తు శిఖరంలో ఎంతో చూడండి, ఈ తరహా అణువులకు అరవై శాతం చుట్టుపక్కల ఉంటుంది. లెక్క చేద్దాం. 82,500ను 0.57తో గుణిస్తే 47,000. అందులో 60 శాతం 28,200. ఫ్లోరెసీన్‌కు 76,900 తీసుకుని 0.925తో గుణిస్తే 71,100. దాని శిఖరం 490 కాబట్టి 488 దగ్గర కోల్పోయేది చాలా తక్కువ. నిష్పత్తి 0.4కు దగ్గర. మీ కణాలు 0.45 అన్నాయి. 530/30 ఫిల్టర్ 515 నుంచి 545 వరకే పట్టుకుంటుంది. మీ ఎమిషన్ 528 దగ్గర సరిగ్గా మధ్యలో ఉంది, ఫ్లోరెసీన్‌ది అంచున ఉండి ఎడమ సగం బయటే పోతుంది. అక్కడ మీ ప్రోబ్‌కు కొంచెం లాభం. ఆ లెక్క కూడా వేయండి, రెండు స్పెక్ట్రమ్‌ల వైశాల్యంలో 515-545 వాటా తీస్తే చాలు. క్యూవెట్ నుంచి కణం దాకా ఒక్కో మెట్టూ అంకెతో నిలబడుతోంది, ఇంతకన్నా ఏం కావాలి!

పేపర్‌లో మూడు చోట్ల మూడు అంకెలు పెట్టండి, ఒకదాని పేరు ఇంకోదానికి పెట్టకండి. పట్టికలో అణువు బ్రైట్‌నెస్: పీబీఎస్, పీహెచ్ 7.4, 25 డిగ్రీలు, 505 దగ్గర ఎక్స్‌టింక్షన్, గాఢత ఎన్‌ఎమ్‌ఆర్‌తో సరిచేసింది అని. దాని పక్కనే 488 దగ్గరి విలువ ఇంకో గడిలో, ఎందుకంటే ఈ ప్రోబ్ వాడబోయేవాళ్లలో చాలామంది దగ్గర ఉండేది ఆ లేజరే. కణాల బొమ్మలో ఫ్లోరెసీన్ సమాన అణువులు, లేజరు, ఫిల్టరు, బీడ్స్ లాట్ నంబరుతో. లైసోజోమ్‌లో మీ ప్రోబ్ రెండింతలు వెలగడాన్ని దాచాల్సిన పని లేదు. అది మీ అణువు గొప్పే. బ్రైట్‌నెస్ శీర్షిక కింద కాకుండా ఆమ్లతను తట్టుకోవడం అన్న శీర్షిక కింద, అమ్మోనియం క్లోరైడ్ ముందు, తర్వాత హిస్టోగ్రామ్‌లతో పెట్టండి. మీ గైడ్ గారు కోరుకున్న ఫలితం కూడా అదే కదా, బలంగా నిలబడుతుంది.

స్టాండర్డ్ వాక్యంలో "ఫ్లోరెసీన్‌తో పోల్చాం" అని వదిలేయకండి. "0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో ఫ్లోరెసీన్, క్వాంటమ్ ఈల్డ్ 0.925గా తీసుకున్నాం, ఎథనాల్‌లో రోడమీన్ 6జీ, 0.95గా తీసుకున్నాం" అని విలువతో సహా రాయండి. ఈ స్టాండర్డ్‌ల విలువలు కొత్త కొలతలతో అప్పుడప్పుడు కొద్దిగా జరుగుతుంటాయి. మీరు ఏది వాడారో ఉంటే పదేళ్ల తర్వాత చదివేవాళ్లు ఒక్క గుణకారంతో మీ అంకెను సరిచేసుకోగలరు. పలచనల వరుస స్పెక్ట్రమ్‌లు, బ్లాంక్‌లతో సహా, సప్లిమెంటరీలో మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా పెట్టండి. ఫ్లో ఫైళ్లతో పాటు ఆ రోజు బీడ్స్ ఫైలు కూడా జతచేయండి, సహకార ల్యాబ్ వాళ్లదీ అడిగి తీసుకోండి.